ఆటిజం నిర్ధారణ అయిన కొత్తలో: ముందుగా బిడ్డ తన మనసులోని మాట చెప్పుకునే దారి చూడండి

బిడ్డకు ఆటిజం ఉందని వైద్యులు చెప్పిన తర్వాత ఇంటికి సలహాలు వరుసకడతాయి. ఏ కేంద్రంలో చేర్చాలి, ఏ ఆహారం మానిపించాలి, ఎవరి బిడ్డకు ఏది పనిచేసింది అన్న మాటల రద్దీలో అన్నిటికన్నా ముందు జరగవలసిన పని ఒకటి వెనుకబడిపోతుంది. తనకు ఏం కావాలో, ఏం వద్దో, ఎక్కడ నొప్పిగా ఉందో బిడ్డ ఏదో ఒక రూపంలో మరొకరికి తెలియజేయగలిగేలా చేయడమే ఆ పని. మీకు అందే ప్రతి సలహానూ అది ఈ పనికి ఎంతవరకు తోడ్పడుతుందో చూసి తూచండి.

దానికి ముందు మనసులోని ఒక బరువును దించుకోవాలి. తల్లి ప్రేమ చాలకపోవడం వల్లే ఆటిజం వస్తుందన్న వాదం గత శతాబ్దం మధ్యలో బాగా చెలామణి అయి, ఎందరో తల్లులను అకారణంగా క్షోభపెట్టింది. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ కవలలపై ప్రచురించిన అధ్యయనం జన్యువుల పాత్రను స్పష్టంగా చూపింది, తరువాతి పరిశోధనలు దానిని బలపరిచాయి. టీకాల వల్ల వస్తుందన్న భయానికి మూలమైన 1998 నాటి పరిశోధన వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,50,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలోనూ తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధం కనిపించలేదు. అందువల్ల బిడ్డకు గానీ, తోబుట్టువులకు గానీ మిగిలిన టీకాలను ఆపవద్దు.

నిర్ధారణ నివేదికలో ఒకటి, రెండు, మూడు అని స్థాయి రాసి ఉండవచ్చు. 2013 నుంచి వాడుకలో ఉన్న ఈ వర్గీకరణ బిడ్డకు ప్రస్తుతం ఎంత సహాయం అవసరమో చెబుతుందే తప్ప, పెద్దయ్యాక ఎలా ఉంటాడో చెప్పే జోస్యం కాదు. వినికిడి పరీక్ష జరగకపోయి ఉంటే వెంటనే చేయించండి, ఎందుకంటే పిలిచినా పలకకపోవడానికి వినికిడి లోపం కూడా కారణం కావచ్చు. వచ్చిన మాటలు పోవడం, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం వంటివి గమనిస్తే ఆ సంగతి వైద్యులకు చెప్పండి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ రావడానికి అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ.

ఇక అసలు పనికి వద్దాం. మాట ఇంకా రాని బిడ్డ కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. మీ చేయి పట్టుకుని తలుపు వద్దకు లాగడం, ఖాళీ గ్లాసు తెచ్చి ఒళ్లో పెట్టడం, వద్దనుకున్న వస్తువును తోసేయడం, ఇవన్నీ సంభాషణలే. వాటికి వెంటనే స్పందించి, ఆ సందర్భానికి తగిన ఒక చిన్న మాట కలపండి: గ్లాసు తెస్తే "నీళ్లు" అనండి, నీళ్లు ఇవ్వండి. మాట పలికితేనే ఇస్తానని పట్టుబట్టకండి, ఎందుకంటే దాహంతో ఉన్న బిడ్డకు అది పరీక్షలా మారుతుంది. ఉయ్యాల ఊపుతూ మధ్యలో ఆపి, ముఖంలోకి చూస్తూ కాసేపు ఎదురుచూడండి. చూపుతోనో, కదలికతోనో, శబ్దంతోనో "ఇంకా" అని తెలిపితే మళ్లీ ఊపండి. ఆటను బిడ్డ ఎంచుకోనివ్వండి. బొమ్మ కారు చక్రాలను తిప్పుతూ కూర్చుంటే మీరు కూడా పక్కన కూర్చుని మరో కారు చక్రం తిప్పండి, క్రమంగా మీ వైపు ధ్యాస మళ్లవచ్చు.

విన్న వాక్యాలనే తిరిగి పలికే అలవాటును, అంటే ఎకోలేలియాను, అర్థం లేనిదని కొట్టిపారేయవద్దు. "బయటికి వెళ్దామా?" అని బిడ్డ అంటే, బయటికి తీసుకువెళ్లమని తానే అడుగుతున్నాడేమో చూడండి. బొమ్మల కార్డులు, చేతి సైగలు, బొమ్మను తాకితే మాట వినిపించే యాప్‌లు వాడితే మాటలు రావేమోనన్న సందేహం దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించవు. కొందరు పిల్లల్లో మాటలు పెరగడం కూడా కనిపించింది. మాట వచ్చేదాకా ఆగకుండా వీటిని ఇప్పుడే మొదలుపెట్టమని స్పీచ్ థెరపిస్ట్‌ను అడగండి.

బిడ్డ కిందపడి ఏడ్చినా, చెవులు మూసుకున్నా, తలను గోడకు కొట్టుకున్నా దానిని మొండితనంగా తీసుకునే ముందు కారణం వెతకండి. మిక్సీ మోత, మెరిసే దీపాలు, బట్టల కుట్టు గుచ్చుకోవడం, చెప్పకుండా మారిన దారి వంటివి భరించలేని బాధను కలిగించవచ్చు. కొత్తగా మొదలైన విపరీత ప్రవర్తన వెనుక పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో వైద్యుల చేత తప్పక పరీక్ష చేయించాలి. బిడ్డ అలా తల్లడిల్లుతున్న సమయంలో ఎక్కువ మాట్లాడకండి, చుట్టూ శబ్దాలు తగ్గించి, బిడ్డకు దెబ్బ తగలకుండా పక్కనే ఉండండి. ఆ పూట ఏం జరిగిందో, అంతకు ముందు ఏం జరిగిందో రెండు వాక్యాలు రాసి పెట్టుకుంటే కొన్ని వారాల్లో తీరు బయటపడుతుంది.

థెరపీ ఎంచుకునేటప్పుడు గంటల సంఖ్య కంటే పద్ధతిని చూడండి. మిమ్మల్ని గదిలో కూర్చోనిస్తారా, ఇంట్లో ఏం చేయాలో నేర్పుతారా, బిడ్డ ఏడిస్తే ఏం చేస్తారు, ఏ లక్ష్యం కోసం పనిచేస్తున్నారు అని అడగండి. తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి కారణం చెప్పని చోటు, చేతులు ఆడించడం మాన్పించడం, కళ్లలోకి బలవంతంగా చూడమనడం ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్న చోటు నాకు నమ్మకం కలిగించవు. ఆటిజాన్ని నయం చేస్తామని చెప్పే వారికి దూరంగా ఉండండి. శరీరంలోని లోహాలను తీసేస్తామంటూ చేసే కీలేషన్ వల్ల 2005లో ఒక బిడ్డ మరణించాడు. బ్లీచింగ్ రసాయనాలు తాగించడం నేరుగా విషం పెట్టడమే. మూల కణాల చికిత్సకు కూడా తగిన ఆధారం లేదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటి మందులు తీవ్రమైన చికాకును, దూకుడును తగ్గించడానికే ఉపయోగపడతాయి, వాటి అవసరాన్ని నిపుణులైన వైద్యులే నిర్ణయించాలి.

కొందరు పిల్లలు గడప దాటి చెప్పకుండా వెళ్లిపోతారు, నీటి వైపు ఆకర్షితులవుతారు. తలుపుకు ఎత్తులో గడియ, ఒంటిమీద ఫోన్ నంబర్ ఉన్న పట్టీ, వీలైనంత త్వరగా ఈత శిక్షణ ఏర్పాటు చేయండి. తోబుట్టువులకు వారి వయసుకు తగిన మాటల్లో విషయం చెప్పి, వారికంటూ కొంత సమయం కేటాయించండి. తల్లి ఒక్కరే థెరపీల వెంట తిరిగే ఏర్పాటు ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం నిలవదు, పనులను మొదటి వారంలోనే పంచుకోండి.

మూడు నెలల తర్వాత థెరపిస్ట్‌తో కూర్చుని మీ నోట్‌బుక్ తెరవండి. బిడ్డ ఎన్ని మాటలు పలికాడన్న లెక్కతో పాటు, ఎన్ని రకాలుగా అడుగుతున్నాడో, వద్దు అని ఎలా చెబుతున్నాడో, నొప్పిని చూపించగలుగుతున్నాడో లేదో చూడండి. ఏ మార్పూ లేకపోతే అదే కార్యక్రమాన్ని కొనసాగించకుండా, పద్ధతిని మార్చమని అడిగే హక్కు మీకుంది.