పార కామ నుంచి ముక్కాలి పీట దాకా: రైతు ఇంటి పిల్లలకు కొయ్యపని

మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతంలో, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత, గోదావరి నదుల ఒడ్డున పత్తి, మిర్చి, వరి పండించుకునే తెలుగు కుటుంబాలలో పిల్లలకు కొయ్యపని నేర్పాలన్న ఆలోచన సాధారణంగా వేసవి సెలవులతోపాటే వస్తుంది. విదర్భలో బడులు జూన్ చివరి వారానికి గాని తెరుచుకోవు కనుక పనికి కావలసిన సమయం దొరుకుతుంది. అయితే చాలా ఇళ్లలో ఆ పని బొమ్మ బండితోనో, గోడకు తగిలించే అలమరతోనో మొదలై, సగంలో విసుగు పుట్టి, గొడ్ల కొట్టం మూలకు చేరుతుంది. మొదటి పనిగా పార కామ, అంటే పారకు వేసే కొయ్య పిడి, చేయించాలని నా అభిప్రాయం. కామ బాగుందో లేదో మర్నాడు పొలంలో దానిని పట్టుకున్న చెయ్యే చెబుతుంది. అరచేతిలో బొబ్బ లేచినా, పార ఊగినా తప్పు ఎక్కడుందో పిల్లవాడికే తెలిసిపోతుంది, పిల్లల మనసు నొప్పించకూడదని పెద్దలు లేనిపోని మెప్పు చెప్పవలసిన అవసరమూ ఉండదు.

ముందుగా కర్ర సంగతి చూడాలి. ఆలపల్లి, సిరొంచ అడవుల టేకుకు పేరున్న మాట నిజమే కాని, నేర్చుకునే పిల్లల చేతికి కొత్త టేకు ఇవ్వడం దండగ. పైగా సొంత గట్టు మీద పెరిగినదైనా సరే, టేకు, ఇప్ప, చింత, మామిడి వంటి చెట్లను అనుమతి లేకుండా నరకడానికి 1964 నాటి మహారాష్ట్ర వృక్షాల నరికివేత నియంత్రణ చట్టం ఒప్పుకోదు. కలపను ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించడానికి అటవీశాఖ పాసు కూడా కావలసి రావచ్చు. అందువల్ల కొనే కర్రను రంపపు మిల్లులోనో కలప డిపోలోనో రశీదుతో కొని, ఆ రశీదును జాగ్రత్తగా ఉంచుకోవాలి. మిగిలినదానికి ఇంట్లోనే వెతకవచ్చు. విరిగిన ఎడ్లబండి, మూలన పడిన నాగలి, పాత ఇంటి దర్వాజా, వాసాలు ఏళ్ల తరబడి ఆరిన కర్రలు కనుక వాటికి మించిన సరుకు దొరకదు. వాటిలో దాగిన మేకులు రంపపు పళ్లను విరగ్గొడతాయి కాబట్టి, కోతకు ముందు ఒక అయస్కాంతాన్ని కర్ర పొడవునా నడిపి చూడడం మంచిది.

కామకు చిరుమాను శ్రేష్ఠమైనది. ఇక్కడి డిపోలలో దానిని మరాఠీ పేరుతో ధావడా అని అడిగితే వెంటనే చూపిస్తారు. గట్టిదనంతోపాటు వంగి తిరిగి లేచే గుణం ఉండడం వల్లనే పూర్వం బండి ఇరుసులకు దానిని వాడేవారు. అది దొరకనిచోట నల్లతుమ్మ చాలును. పీట పలకకు పాత టేకు ముక్క గాని, వేప గాని సరిపోతుంది. వేప చెదను కొంతవరకు తట్టుకుంటుంది కాని, దాని నార అటూ ఇటూ మెలిపడి ఉంటుంది గనుక చిత్రిక పట్టేటప్పుడు పొరలు పొరలుగా లేచి పిల్లలను విసిగిస్తుంది. ఏ కర్రైనా లోపలి చేవనే ఎంచుకోవాలి. తుమ్మ పైభాగపు తెల్లచెక్కలో పిండిపదార్థం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పురుగు తొలిచి గుండ చేసేది ఆ భాగాన్నే. తెల్లచెక్కను వాడక తప్పకపోతే, మన రైతులు చేసినట్లు దుంగను కొన్ని వారాల పాటు చెరువులో ముంచి ఉంచి, ఆ తరువాత ఆరబెట్టాలి. నీటిలో నానినప్పుడు ఆ పిండిపదార్థం చాలావరకు కరిగిపోయి పురుగు బెడద తగ్గుతుంది.

ఆరబెట్టడం అన్నది ఓపికకు సంబంధించిన పని. వేసవిలో చేయదలచిన వస్తువుకు కర్రను కనీసం చలికాలంలోనైనా కోసి పెట్టుకోవాలి. మందమైన పలకలైతే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందన్న పాత లెక్కను మనసులో ఉంచుకోవాలి. ముక్కలను ఎండలో పడేయకుండా నీడలో, నేలకు తగలకుండా, మధ్య మధ్య సన్నని పుల్లలు పెట్టి గాలి ఆడేటట్లు పేర్చాలి. కర్ర కొసల నుంచి తేమ చాలా వేగంగా పోతుంది, మన ఎండలకు ఆ వేగం మరీ ఎక్కువై కొసలు పగులుతాయి. కొసలకు పాత రంగో మైనమో పూస్తే ఆ పగుళ్లు తగ్గుతాయి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పిల్లలకు ఒక తక్కెడ ఇచ్చి, ఒకే ముక్కను వారం వారం తూచి, బరువును గోడ మీద రాయమనాలి. బరువు తగ్గడం ఆగిపోయినప్పుడు కర్ర చుట్టూ ఉన్న గాలితో సమానంగా ఆరినట్లు లెక్క.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. ఒక చేతి రంపం, అర అంగుళం, అంగుళం ఉలులు రెండు, కొయ్య సుత్తి, మూలమట్టం, చేత్తో తిప్పే బరమా, ముతక ఆకురాయి ఉంటే ఈ వ్యాసంలోని పనులన్నీ జరుగుతాయి. చిత్రికను ఊళ్లోని వడ్రంగి దగ్గర కాసేపు అడిగి తెచ్చుకోవచ్చు, ఆ వంకన పిల్లలు ఆయన పని చూసినట్లూ అవుతుంది. బాడిశ, గొడ్డలి పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి. కరెంటు రంపం, గ్రైండర్ జోలికి పిల్లలను అసలు రానీయకూడదు. ఉలిని 25 నుంచి 30 డిగ్రీల వాలులో సానరాయి మీద నూరడం తొలిరోజే నేర్పాలి. మొద్దుబారిన ఉలి మీద బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, అది జారితే ఆ బలమంతా చేతి మీదికే వస్తుంది. కర్రను కాళ్ల మధ్య ఇరికించి చెక్కే అలవాటు మన ఊళ్లలో ఎంత పాతదైనా పిల్లలకు పనికిరాదు. ఒక బరువైన దిమ్మెకో బల్లకో రెండు కన్నాలు వేసి, వాటిలోంచి తాడును ఉచ్చులా కిందికి దించి, చెక్కే ముక్కను పైన ఆ తాడు కింద పెట్టి, ఉచ్చులో పాదం ఉంచి తొక్కితే ముక్క కదలకుండా నిలుస్తుంది. అప్పుడు రెండు చేతులూ ఉలి వెనకే ఉంటాయి.

ఇక కామ. ముక్కను రంపంతో కోయడం కంటే, పెద్దవారు గొడ్డలితో నిలువునా చీల్చి ఇవ్వడం మేలు. చీలిక నార వెంటే పోతుంది కనుక కామలో నార ఒక కొస నుంచి రెండో కొస దాకా తెగకుండా సాగుతుంది. నార మధ్యలో పక్కకు తప్పుకున్న కామ పైకి ఎంత నున్నగా ఉన్నా ఏదో ఒక రోజు అక్కడే విరుగుతుంది. కొసవైపు చూస్తే కనిపించే వలయాల గీతలు పారను ఎత్తి దించే దిశకు సమాంతరంగా ఉండేటట్లు ముక్కను తిప్పి పెట్టుకోవాలి. పొడవు రెండున్నర నుంచి మూడడుగులు ఉండవచ్చు కాని, వాడే మనిషి ఎత్తును బట్టి తేల్చడమే సరైనది. పట్టు దగ్గర లావు ఎంత ఉండాలన్నది కూడా చెయ్యే చెప్పాలి. పిడికిలి మూసినప్పుడు బొటనవేలు మధ్యవేలి గోరు మీదికి వస్తే ఆ లావు సరిపోయినట్లు. తల్లి వాడే పారకు తండ్రి చేతి లావున కామ వేయడం ఎన్నో ఇళ్లలో జరిగే పొరపాటు, ఆమె మణికట్టు నొప్పికి అదీ ఒక కారణం కావచ్చు.

నలుపలకల ముక్కను మొదట ఎనిమిది పలకలుగా చెక్కి, ఆ అంచులను ఆకురాయితో విరిచి, చివరకు గరుకు కాగితంతో రుద్దితే గుండ్రదనం దానంతట అదే వస్తుంది. నేరుగా గుండ్రంగా చెక్కబోతే ఒకచోట పల్లం, ఒకచోట మిట్ట మిగులుతాయి. పార కన్నంలో దూర్చే కొసను మాత్రం తొందరపడి సన్నం చేయకూడదు. కన్నం లోపల దీపపు మసి పట్టించి, కామను కొద్దిగా దూర్చి తీస్తే, ఎక్కడ రాసుకుంటున్నదో అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే ఆకురాయితో తీసి, మళ్లీ దూర్చి, మళ్లీ తీయాలి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, మసి అంటిన ముఖాలతో ఇంట్లోకి వచ్చినందుకు అమ్మ కోప్పడితే పడనివ్వాలి. కామ కొసలో, కన్నం లోతులో మూడింట రెండు వంతుల దాకా దిగేటట్లు ముందే ఒక రంపపు గాటు పెట్టుకోవాలి. బిగించేటప్పుడు పారను నేలకేసి కొట్టనక్కరలేదు. పార కిందికి వేలాడేటట్లు కామను నిలువుగా పట్టుకుని, పైకి వచ్చిన కామ కొసను కొయ్య సుత్తితో కొడితే, బరువున్న పార ఉన్నచోటే ఆగిపోతుంది, కామ దానిలోకి దిగుతుంది. తరువాత ఆ గాటులోకి బాగా ఆరిన గట్టి కర్రతో చేసిన సన్నని మేకు దిగగొట్టి, మిగిలిన ముక్కను కోసివేయాలి.

ఎండాకాలంలో వదులైన పారను రాత్రంతా నీళ్ల తొట్టిలో వేసి, పొద్దున బిగిసిందని సంతోషించడం మన పొలాల్లో అందరూ చేసే పనే. నీళ్లకు ఉబ్బిన కర్ర కదలడానికి చోటులేక ఇనుము మధ్య నలిగిపోతుంది, ఆరాక మునుపటి కంటే సన్నబడుతుంది. రెండో రోజుకు పార ఇంకా ఎక్కువ ఊగడానికి కారణం ఇదే. మేకు మార్చడమే దీనికి మందు. కామకు వార్నిష్ వద్దు, చెమట పట్టిన చేతికి అది బొబ్బలు తెస్తుంది. విదర్భలో జవస్ పేరుతో దొరికే అవిసె నూనెను పల్చగా పూసి, పీల్చుకున్నాక తుడిచివేస్తే చాలును. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయడం మాత్రం ప్రమాదం. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. ఆ గుడ్డను దండెం మీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

కామలు రెండు మూడు పొలానికి వెళ్లి పనిచేసి వచ్చాక, పాలు పితికేటప్పుడు కూర్చునే ముక్కాలి పీటకు పూనుకోవచ్చు. కొట్టం నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ల పీట ఊగదు. పలక 11 అంగుళాల వ్యాసంతో, ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మందంతో ఉండాలి. నడుమ ఒక మేకు కొట్టి, దారం కట్టి, అయిదున్నర అంగుళాల దూరంలో పెన్సిల్ తిప్పితే బయటి వలయం వస్తుంది. అదే మేకు నుంచి మూడున్నర అంగుళాలకు కొంచెం ఎక్కువ దూరంలో లోపలి వలయం గీయాలి. ఆ లోపలి వలయపు వ్యాసార్ధాన్నే కొలతగా తీసుకుని వలయం మీద వరుసగా గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మూడు కాళ్లకు చోట్లు దొరుకుతాయి. బడిలో వృత్తలేఖినితో గీసిన షడ్భుజి ఇదేనని పిల్లలకు గుర్తుచేస్తే సరిపోతుంది, వివరణ అక్కరలేదు.

కాళ్లు బయటికి వాలి ఉండాలి. నోటుపుస్తకపు అట్టను 4 అంగుళాల ఎత్తుకు 1 అంగుళం వాలేటట్లు కత్తిరించి, దానిని బరమా పక్కన నిలబెట్టి, ఆ వాలుకు సరిగా అంగుళం బెజ్జం వేయాలి. పలక పైనుంచి వేస్తున్నప్పుడు బరమా తల పీట నడిమి వైపుకు వంగి ఉండాలి, అప్పుడే కాలు కింద బయటికి పోతుంది. ఒకరు తిప్పుతుంటే మరొకరు పక్కన కూర్చుని వాలు తప్పకుండా చూడడం మంచిది. బరమా మొన అవతలివైపు సూదిలా తొంగిచూడగానే ఆపి, పలకను తిరగేసి, ఆ చుక్క నుంచి మిగిలిన బెజ్జం పూర్తిచేయాలి. ఒకేవైపు నుంచి నెడితే చివరి క్షణంలో చెక్క పెచ్చులు లేస్తుంది.

కాళ్లకు ఒకటిన్నర అంగుళాల మందంతో, 13 అంగుళాల పొడవున మూడు ముక్కలు కావాలి. పై కొసలను అంగుళం లావుకు గుండ్రంగా చెక్కి, మసి పద్ధతిలోనే బెజ్జాలకు సరిచూడాలి. ఈ పని అంతటిలో అసలు కిటుకు తేమలో ఉన్నది. కర్ర పొడవునా దాదాపు తగ్గదు గాని అడ్డంగా తగ్గుతుంది. కాబట్టి కాళ్లు పలక కంటే ఎక్కువగా ఆరి ఉంటే, బిగించాక పలక మెల్లగా ఆరుతూ కాలి కొసను నొక్కి పట్టుకుంటుంది. తారుమారైతే కాళ్లే సన్నబడి ఊడి వస్తాయి. అందుకని బిగించే ముందు కాళ్ల కొసలను కొన్నాళ్లు ఎండ తగిలే రేకుల కింద, వేడిగాలికి ఉంచాలి. కాలి కొసలో మేకు కోసం పెట్టే గాటు పలకలోని నారకు అడ్డంగా ఉండాలి, నార వెంట ఉంటే మేకు దిగుతున్నకొద్దీ పలక రెండుగా చీలుతుంది. జిగురు పూసినా పూయకపోయినా ఈ జాగ్రత్త తప్పదు.

బిగించాక పీటను చదునైన గచ్చు మీద ఉంచి, పలక మీద నీళ్ల గిన్నె పెట్టి మట్టం చూసి, ఎత్తుగా ఉన్న పక్క కాలిని గుర్తించి, మిగిలిన కాళ్ల కింద పలచని చెక్కలు దూర్చి పలకను మట్టానికి తేవాలి. ఒక చిన్న చెక్కముక్క మీద పెన్సిల్ పెట్టి, దానిని నేల మీద జరుపుతూ మూడు కాళ్ల చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట కోస్తే ఒకే వాలులో అడుగులు తెగుతాయి. పాలు పితకడానికి 10 అంగుళాల ఎత్తు సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న అవ్వ కోసమైతే కాళ్లను పొడవుగా తీసుకుని 15, 16 అంగుళాలు ఉంచాలి, తక్కువ ఎత్తు పీట నుంచి లేవడమే ఆమెకు కష్టం.

కోళ్ల గూడు గురించి రెండు మాటలు చాలు, అది నైపుణ్యం కంటే లెక్క మీద నడిచే పని. గూటిని నేలకు అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తులో నిలిపి, కాళ్లను రాళ్ల మీద ఉంచితే చెద పైకి పాకినప్పుడు దాని మట్టిబాట కంటికి కనిపిస్తుంది. గూటికి వేసే జాలీ కన్నాలు అర అంగుళం మించకూడదు, అంతకంటే పెద్దవైతే ముంగిస, పాము దారి చేసుకుంటాయి. తలుపుకు తోలు ముక్కలను బందులుగా వేస్తే వానాకాలంలో నానుతాయి, కనుక అక్కడ మాత్రం ఇనుప బందులే కొనాలి. గడియను తలుపు లోపలికి నెట్టేటట్లు కాకుండా అడ్డంగా జారేటట్లు బయటివైపు పెట్టాలి.