అన్నం తగ్గించినప్పుడు మీల్ మేకర్
షుగర్ వచ్చిందని అన్నం సగానికి తగ్గించిన మా అమ్మ, నెల తిరిగేసరికి నీరసంగా ఉందనడం మొదలుపెట్టింది. పళ్లెం చూస్తే సంగతి తెలిసింది. అన్నం పోయిన చోటికి దొండకాయ వేపుడు తప్ప మరేదీ రాలేదు. గుడ్డు ముట్టని ఇల్లు మాది. కందిపప్పు మంచిదే, కానీ అందులో మాంసకృత్తులకు రెట్టింపు పైగా పిండిపదార్థమే ఉంటుంది.

ఎండు మీల్ మేకర్ (సోయాపిండితో చేసే ముక్కలు) 100 గ్రాములలో దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పూటకు 30 గ్రాములు వండుకుంటే 15 గ్రాములు అందినట్టే. పచ్చివాసన అని చాలామంది వదిలేస్తారు, అది పిండడంలో లోపం. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, చన్నీళ్లలోకి తీసి, అరచేతుల మధ్య గట్టిగా నొక్కండి. తెల్లని నురగ నీరు కారుతుంది. అది తేటపడేదాకా రెండు మూడుసార్లు పిండాలి. తర్వాత మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడితో పొడిపొడిగా వేయించండి. మా అమ్మ ఇప్పుడు అన్నంలోకి కలపకుండా ముందు ఈ కూరే కప్పు నిండా తింటోంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దీనికీ మాత్రకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి. మూత్రపిండాల సమస్య ఉంటే ముందు డాక్టరును అడగండి.