పాత వేట రైఫిల్ పునరుద్ధరణ – మూడవ పాఠం: గొట్టానికి నల్లపూత, సైట్ల మరమ్మతు

గత పాఠంలో చెక్క భాగాన్ని శుభ్రం చేసి అవిసెనూనె పట్టించాము. అది ఆరేలోగా లోహం పని చేపట్టవచ్చు. బోల్టును (తూటాను లోపలికి నెట్టి వెనుక నుంచి మూసే కడ్డీని) బయటికి తీసి, తూటా కూర్చునే అర ఖాళీగా ఉన్నదో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. విప్పిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయవలసిందే.

పూత పలచబడినా అంతటా ఒకే తీరుగా ఉన్న రైఫిల్‌ను అలాగే ఉంచడం మేలని నా గట్టి అభిప్రాయం. పలచటి తుప్పు మాత్రమే ఉంటే నూనెలో తడిపిన 0000 రకం స్టీల్ ఊల్‌తో (అతి సన్నని ఉక్కు పీచుతో) మెల్లగా రుద్దితే సరిపోతుంది. గుంటలు పడి, పూత పెచ్చులుగా పోయినప్పుడే కొత్త పూతకు పూనుకోవాలి. అప్పుడైనా తిరిగే బఫింగ్ చక్రాన్ని దగ్గరికి రానీయకండి. అది అంచులను గుండ్రం చేస్తుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం చేస్తుంది, తయారీదారు చెక్కిన అక్షరాలను అరగదీస్తుంది. గరుకు కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, గొట్టం పొడవునా ఒకే దిశలో, 240 గరుకు సంఖ్య నుంచి మరింత నున్నని 400 వరకు పోతే చాలు. క్రమసంఖ్యను, పరీక్ష ముద్రలను మాత్రం అసలు తాకకూడదు. క్రమసంఖ్య చెరిపివేయడం అనేక దేశాలలో నేరం.

పూతకు మూడు మార్గాలున్నాయి. చల్లగా పూసే ద్రావణం తేలికే గాని త్వరగా అరిగిపోతుంది. సుమారు 140 డిగ్రీల వద్ద మరిగే క్షార ద్రావణంలో ముంచడం కర్మాగారాల పద్ధతి. ప్రమాదకరం కావడమే కాక, సీసం, తగరం కలిసిన మెత్తని టంకాన్ని అది తినేస్తుంది కనుక సైట్లు (గురి చూసేందుకు గొట్టంపై ముందూ వెనుకా ఉండే భాగాలు) టంకంతో అతికిన పాత గొట్టాలకు పనికిరాదు. మిగిలినది నెమ్మదిగా తుప్పు పట్టించి నల్లబరిచే పద్ధతి. ఇందులో లోహం 100 డిగ్రీలు దాటదు. ఆ టంకం కరగడానికి 180 డిగ్రీలకు పైగా కావాలి.

గొట్టం రెండు చివరలా చెక్క బిరడాలు బిగించండి. లోపలికి ఆవిరి చొరబడకుండా ఆపేవీ, పట్టుకోవడానికి పిడులయ్యేవీ అవే. అసిటోన్‌తో జిడ్డు తీశాక చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, ఎందుకంటే వేలి జిడ్డు అంటిన చోట తుప్పు పట్టదు, పూత మచ్చగా మిగులుతుంది. తుప్పు పట్టించే ద్రావణాన్ని పిండిన దూదితో ఒకే పొడవాటి గీతలో పలచగా పూసి, తేమ గల చోట కొన్ని గంటలు ఉంచితే, ఉక్కుపై కుంకుమ చల్లినట్టు సన్నని ఎర్రపొర లేస్తుంది. దానిని డిస్టిల్డ్ నీటిలో పది పదిహేను నిమిషాలు మరిగిస్తే ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. మామూలు నీటిలోని లవణాలు మచ్చలు పెడతాయి. పైన నిలిచిన మసిని జిడ్డు తీసిన స్టీల్ ఊల్‌తో తేలికగా తుడిస్తే, కింద అంటుకున్న బూడిదరంగు కనిపిస్తుంది. ఈ వరుసను ఆరేడుసార్లు తిరిగి చేసే కొద్దీ ఆ రంగు చిక్కబడి నల్లనవుతుంది. చివరిసారి మరిగించాక వేడిగా ఉండగానే నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయండి.

ఇక సైట్లు. డవ్‌టెయిల్ గాడిలో (అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే అడ్డగాడిలో) ఉన్న సైట్‌ను విప్పే ముందు, దానిపైనా గొట్టంపైనా ఒకే సన్నని గీత గీసి, తుప్పు వదిలించే నూనె వేసి నాననివ్వండి. రైఫిల్ భుజాన పెట్టినవాడి చూపులో ఎడమ నుంచి కుడికి, ఇత్తడి కడ్డీతో కొట్టి తీయడం పాత ఆనవాయితీ. ముందు సైట్ పైఅంచు అరిగి మెరుస్తుంటే కన్ను ఆ మెరుపునే గురిగా పట్టుకుంటుంది, తూటా దెబ్బ వెలుగు వచ్చే వైపు నుంచి అవతలికి జరుగుతుంది. సన్నని ఆకురాయితో ఆ అంచును చదును చేసి, మెరుపు లేని నలుపు పూయాలి. అయితే ముందు సైట్ ఎత్తు తగ్గిన కొద్దీ దెబ్బ పైకి పోతుంది, తగ్గించిన ఎత్తు తిరిగి రాదు. అందుకే అధికారిక కాల్పుల మైదానంలో కాల్చి చూస్తూ కొద్దికొద్దిగా అరగదీయాలి.

అడ్డంగా సరిచేయడానికి వెనుక సైట్‌ను దెబ్బ ఎటు జరగాలో అటే జరపండి. ఎంత జరపాలో లెక్క ఇలా కట్టాలి: అన్నిటినీ మిల్లీమీటర్లలోకి మార్చి, సైట్ల మధ్య దూరాన్ని తప్పిన దూరంతో హెచ్చించి, లక్ష్యం దూరంతో భాగించండి. సైట్ల మధ్య 500 మిల్లీమీటర్లు ఉండి, 100 మీటర్ల వద్ద దెబ్బలు 10 సెంటీమీటర్లు కుడికి పడుతుంటే, వెనుక సైట్‌ను అర మిల్లీమీటరు ఎడమకు జరపాలి. ముందుగా గీసిన గీత ఇక్కడే కొలతగా ఉపయోగపడుతుంది.

వచ్చే పాఠంలో బోల్టు, స్ప్రింగుల శుభ్రత చూద్దాము.