పాత జీపు ఎడమ చక్రం నట్లు ఊడట్లేదా?

పాత విల్లీస్ జీపును ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేవాళ్లకి ఒక మాట. ఎడమవైపు చక్రాల నట్లు కదలకపోతే స్పానరుకి పైపు తగిలించి బలం పెట్టకండి, స్టడ్ (నట్టు ఎక్కే మరబోల్టు) విరుగుతుంది. 1940ల నాటి ఆ జీపులకి ఎడమవైపు మరలు తిరగేసి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి. చక్రం తిరుగుతుంటే నట్టు వదులవ్వకూడదని అప్పట్లో చేసిన ఏర్పాటు అది. స్టడ్ కొన మీద తుప్పు గీకి చూడండి, చాలావాటికి ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం కనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఏ మెకానిక్ ఏ హబ్ (స్టడ్లు ఉండే, చక్రం బిగించే మధ్య భాగం) మార్చాడో చెప్పలేం కాబట్టి నాలుగు చక్రాలూ చూసుకోవాల్సిందే. మరీ పట్టేసి ఉంటే తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయండి. విప్పిన నట్లు కుడివి, ఎడమవి వేరే డబ్బాల్లో వేయండి. కలిసిపోతే బిగించేటప్పుడు మర పాడవుతుంది.