శాంపిల్ కలిపిన పాటకు కాపీరైట్ నమోదు: దరఖాస్తు ఎలా?

లాప్‌టాప్ మీద పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు మా కావలిలోనూ ఉన్నారు, ఒంగోలు, నెల్లూరుల్లోనూ ఉన్నారు. వాళ్లు ముందు అడిగేది, ఏ ఆఫీసుకు వెళ్లాలని. ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. కాపీరైట్ కార్యాలయం ఢిల్లీలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. నమోదు తప్పనిసరి కూడా కాదు. 1957 చట్టం ప్రకారం పాట తయారవగానే హక్కు వచ్చేస్తుంది. రేపు గొడవైతే చూపించడానికే ఈ సర్టిఫికెట్.

చట్టం లెక్కలో పాట ఒక్కటి కాదు, మూడు. నమోదు ఫీజు సాహిత్యానికి 500 రూపాయలు, బాణీకి 500, రికార్డింగ్‌కు 2,000. దేనికది వేరే దరఖాస్తు. చాలామంది రికార్డింగ్ ఒక్కటే నమోదు చేసి, మొత్తం పాటకు అయిపోయిందనుకుంటారు.

అసలు చిక్కు శాంపిల్‌తోనే, అంటే వేరే రికార్డింగ్ నుంచి కత్తిరించి మన పాటలో కలుపుకునే ముక్కతోనే. ఈ మధ్య ఒకబ్బాయి ఇంట్లో పాత క్యాసెట్ నుంచి రెండు సెకన్ల డప్పు ముక్క కత్తిరించి, పాటంతా అదే తిప్పాడు. "జానపదమే కదన్నా, ఎవరిదని అడుగుతారు?" అన్నాడు. పాట ఊరిదేరా, క్యాసెట్ ఊరిది కాదు. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రెండు సెకన్లయితే ఫర్వాలేదు, ఐదు సెకన్లయితే ఫర్వాలేదు అనే రూలు చట్టంలో ఎక్కడా లేదు. సినిమా పాట ముక్కయితే రికార్డింగ్‌తో పాటు బాణీకీ, మాటలు వినిపిస్తే సాహిత్యానికీ అనుమతి కావాలి. బాణీ, సాహిత్యాల మీద ఎదుటివాళ్ల హక్కును కాదని చేసిన రికార్డింగ్‌కు మీ పేరు మీద కాపీరైట్ నిలవదు.

మా వాడు చివరికి వాళ్ల ఊళ్లో డప్పులు గడ్డిమంట మీద కాచి కొట్టిస్తుంటే ఫోన్‌లోనే రికార్డు చేసుకొచ్చాడు. నిజం చెప్పాలంటే క్యాసెట్ ముక్క కంటే అదే బాగుంది. కొట్టినవాళ్ల చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టించమన్నాను. కొట్టింది మామయ్యే కదా అని మీరూ వదిలేయకండి.

ఇక దరఖాస్తు. కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఖాతా తెరిచి ఫారం 14 నింపాలి. సాహిత్యం, బాణీల దరఖాస్తుల్లో, ఇది సొంత రచనా, మరొకదానికి అనుసరణా అని అడుగుతారు. అలవాటుకొద్దీ 'సొంతం' అని టిక్ పెట్టేయకండి. అనుసరణ అయితే మూల రచన పేరు, రచయిత, అనుమతి వివరాలు రాయాలి. గాయకుల, రచయిత, స్వరకర్తల ఒప్పుకోలు పత్రాలు స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి. పాట మీద ఇంకెవరికైనా హక్కుందని మీకు తెలిస్తే, దరఖాస్తు పెట్టిన సంగతి వాళ్లకు మీరే తెలియజేయాలి.

ఫీజు కట్టాక డైరీ నంబర్ వస్తుంది, రాసి పెట్టుకోండి. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగి, ఆ తర్వాతే పరిశీలన మొదలుపెడతారు. డైరీ నంబర్ వచ్చింది కదా అని రిజిస్టర్ అయిపోయినట్టు పోస్టర్ వేసుకోకండి, అది రసీదు మాత్రమే.