పెళ్లికూతురిని చేసే ముందు చర్మం విషయంలో జాగ్రత్తలు

ముహూర్తం దగ్గరపడ్డాక కొత్త ప్రయోగాలు వద్దు. ఏ కొత్త క్రీమైనా, సీరమైనా నెల ముందే మొదలుపెట్టాలి.

• ఫేషియల్ వారం ముందే అయిపోవాలి.

• వ్యాక్సింగ్ నలుగుకు కనీసం రెండు రోజుల ముందు. అప్పుడే వ్యాక్స్ చేసిన చేతుల మీద పసుపు, సున్నిపిండి పెట్టి రుద్దితే మంట మామూలుగా ఉండదు. పిన్నులు, అత్తలు ముచ్చటపడి గట్టిగానే రుద్దుతారు. మొహం దగ్గర మెల్లగా అని ముందే చెప్పుకోండి. రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీములు, సీరమ్‌లు వాడేవాళ్లు వ్యాక్సింగ్‌కు వారం ముందే ఆపేయాలి, లేదంటే చర్మం లేచిపోవచ్చు.

• గంటలో నల్లగా పండే కోన్ అంటే అనుమానించండి. గోరింటాకు సహజంగా ఎర్రగానే పండుతుంది. నలుపు కోసం హెయిర్ డైలో వాడే పీపీడీ అనే రసాయనం కలిపితే బొబ్బలు రావచ్చు, మచ్చలూ మిగలొచ్చు. అలాంటి కోన్ అసలు పెట్టించుకోవద్దు.

• మేకప్ ఫౌండేషన్, కల్యాణ తిలకం అంటించే జిగురు ముందే కాస్త తెప్పించుకుని, మోచేతి లోపలివైపు రాసి, పడుతుందో లేదో 48 గంటలు చూడండి.

• వారంలో తెల్లబడతారనే క్రీములు వద్దేవద్దు. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఆపగానే మొహం ఎర్రబడి మొటిమలు లేస్తాయి. అయినా ఉన్న రంగుకేమైందట?

• శుభలేఖలు పంచడానికి ఎండలో తిరిగేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి.