ఎయిర్ రైఫిల్ ట్రిగర్ సాగుడు ఎలా పోయిందంటే

పది మీటర్ల పోటీకి వాడే నా ఎయిర్ రైఫిల్‌ది రెండు స్టేజీల ట్రిగర్. మొదటి స్టేజీలో అది తేలిగ్గా వెనక్కి వచ్చి ఒక చోట గట్టిగా ఆగాలి. అక్కడ కాస్త ఒత్తితే షాట్ పేలాలి. ఆ ఆగే చోటే నాకు తెలియకుండా పోయింది. ట్రిగర్ సాగి సాగి ఎప్పుడో పేలేది. గురి పట్టి నిలబడ్డవాళ్ళకు ఇది ఎంత టెన్షనో చెప్పలేను.

చాలామంది వెంటనే బరువు స్క్రూ, అంటే ట్రిగర్ నొక్కడానికి ఎంత బలం కావాలో మార్చే స్క్రూ, తిప్పుతారు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల్లో ఎయిర్ పిస్టల్ ట్రిగర్‌కు కనీసం 500 గ్రాముల బరువు ఉండాలి, ఎయిర్ రైఫిల్‌కు అలాంటి హద్దు లేదు. కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. కానీ సాగుడుకు కారణం బరువు కాదు, సియర్ (ట్రిగర్ నొక్కేదాకా పేల్చే భాగాన్ని పట్టి ఉంచే ముక్క) పట్టు ఎక్కువ కావడం.

బ్యారెల్‌లో పెల్లెట్ లేదని చూసి, గాలి సిలిండర్ విప్పి పక్కన పెట్టాను. స్క్రూలు ఉన్న తీరు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఎండిన పాత నూనె, దుమ్ము తుడిచాను. తర్వాత సియర్ స్క్రూను పావు చుట్టుకన్నా తక్కువ తిప్పడం, డ్రై ఫైర్ చేసి, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగర్ నొక్కి చూడడం, మళ్ళీ కొంచెం తిప్పడం. ఇక్కడ తొందర అస్సలు వద్దు. పట్టు మరీ తగ్గితే లివర్ మూసినప్పుడో, బట్ (రైఫిల్ వెనక చివర) నేలకు తగిలినప్పుడో రైఫిల్ దానంతటదే పేలుతుంది. అందుకే ప్రతిసారీ కాక్ చేసి (పేలడానికి సిద్ధంగా ఉంచి), బట్‌ను రబ్బరు మ్యాట్ మీద తట్టి చూశాను.

రెండో స్టేజీ స్పష్టంగా దొరికాక మొదటి స్టేజీ మారింది, దాన్నీ సరిచేశాను. చివరగా, పేలిన తర్వాత ట్రిగర్ వెనక్కి పోయే దూరాన్ని స్టాప్ స్క్రూతో తగ్గించాను. పూర్తిగా బిగించలేదు. బిగిస్తే పేలకముందే ఆగిపోతుంది.